నాలుగో సీసా

మా ఇంట్లో సగం తాగిన కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి పేపరు అందుకుంటే, మళ్లీ చెయ్యి చాపేసరికి గ్లాసు ఉండదు. వంటింట్లో బోర్లించి, నీళ్లు కారుతూ ఉంటుంది. రిటైరై, ఢిల్లీ పక్కన వైశాలిలోని ఈ ఫ్లాట్లో పగటిపూట కూడా కాపురం ఉండటం మొదలుపెట్టాక నాకు ఎదురైన ప్రధాన సమస్య ఇదే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొద్దున్నే పోయి సాయంత్రం వచ్చేవాణ్ని కనక ఇది నా దృష్టికి రాలేదు. మొన్న ధైర్యం చేసి అడిగాను.

"ఇంకా సగం ఉంది కదా సుభద్రా, కడిగేశావేం?"

"ఇంకా తాగుతానని చెప్పారా?" అంది మా ఆవిడ.

ముప్ఫయ్యేళ్లకి పైగా మనుషుల రక్తనాళాల్లోకి తీగలు పంపినవాణ్ని, మళ్లీ పేపరు అందుకున్నాను. తళతళలాడే ఖాళీ గ్లాసుని చూస్తే నాకు ఎందుకంత కంగారో ఆవిడకి తెలియదు. అది చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి.

మేం చేసే పని

నేను ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుని. ఈ మాట మా అమ్మకి చివరిదాకా అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. "మావాడు ఢిల్లీలో ఎక్స్‌రేలు తీస్తాడు" అని బాపట్లలో అందరికీ చెప్పుకునేది. పెళ్లి సంబంధాల్లో దీనివల్ల కొంత నష్టం కూడా జరిగింది. కానీ ఆవిడ చెప్పినదాంట్లో పెద్ద తప్పు లేదు. మేం ఎక్స్‌రే వెలుగులో చూసుకుంటూ, కడుపు కొయ్యకుండా, తొడ మొదట్లో ఒక చిన్న రంధ్రం చేసి, అందులోంచి క్యాథెటర్ అనే సన్నటి గొట్టం పంపి, లోపల ఎక్కడో ఉన్న తంటాని సరిచేసి వస్తాం. మూసుకుపోయినదాన్ని తెరవడం ఒక పని. కారుతున్నదాన్ని మూయడం రెండోది. నా మనసెప్పుడూ రెండోదాని మీదే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏం చదవాలి సార్, ఏ మెషీన్ మీద నేర్చుకోవాలి సార్ అని అడుగుతారు. అవన్నీ కంపెనీలవాళ్లు నాకంటే బాగా చెబుతారు, భోజనం కూడా పెడతారు. నా దగ్గర ఉన్నది రెండు తప్పులు, ఒక బాసు, ఒక కిడ్నీ. అవే చెబుతాను.

కిడ్నీ బయాప్సీ అంటే, కిడ్నీకి ఏ జబ్బు చేసిందో తెలియనప్పుడు సూదితో ఒక చిన్న ముక్క తీసి పరీక్షకి పంపడం. ముక్క సేమ్యా పుల్లంత ఉంటుంది. సూది లోపలికి పోయి రావడం కనురెప్ప వేసినంతసేపు. అయితే కిడ్నీ అంటే ఒంట్లో రక్తాన్ని రోజంతా వడకట్టే యంత్రం. అంత రక్తం ఉన్నచోట సూది గుచ్చి, రక్తం రాకూడదు అనుకోవడం మన ఆశావాదం. కాస్త వస్తుంది, దానంతటదే ఆగుతుంది. నూటికి తొంభై తొమ్మిదిమందికి అని చెప్పాలనిపిస్తుంది గానీ, లెక్కలు చెప్పడం మానేసి చాలా రోజులైంది, ఎందుకంటే ఆగని మనిషికి ఆ లెక్కతో పని లేదు.

ఆగకపోతే ఏమవుతుందంటే, సూది వెళ్లే దారిలో ఒక చిన్న ధమనికీ దాని పక్కనే ఉన్న సిరకీ రెండింటికీ కన్నం పడుతుంది. రెండు కన్నాలూ ఒకదానికొకటి కలుస్తాయి. ధమనిలో జోరుగా వచ్చే రక్తం కిడ్నీకి అందకుండా అడ్డదారిన సిరలోకి, అక్కణ్నించి కొంత మూత్రంలోకి పోతూ ఉంటుంది. పొద్దున్న మేమే పెట్టిన కన్నాన్ని సాయంత్రం మేమే వెళ్లి పూడ్చాలి. ఇలాంటి వృత్తి ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. ఢిల్లీ రోడ్లు తవ్వేవాళ్లు గుర్తొస్తారు గానీ, వాళ్లు పూడ్చరు.

ఖురానా సాబ్

నాకు పని నేర్పినాయన డాక్టర్ ఖురానా. పొడుగాటి మనిషి, మాట తక్కువ. సీసంతో చేసిన ఏప్రన్ మేమందరం మోసేవాళ్లం, ఆయన మాత్రం తొడుక్కునేవాడు. ఆయన దగ్గర చేరిన రెండో ఏడు ఇలాంటి కేసే వచ్చింది, బయాప్సీ తర్వాత రక్తం. మొదటిసారి నన్ను చెయ్యమన్నాడు.

కన్నం పూడ్చడానికి మేం వాడేదాన్ని కాయిల్ అంటారు. వెంట్రుకలాంటి లోహపు తీగ. గొట్టంలో ఉన్నంతసేపూ నిటారుగా ఉంటుంది, చివర బయటికి రాగానే స్ప్రింగులా చుట్ట చుట్టుకుని రక్తనాళానికి బిరడాలా పడుతుంది. నాళం ఎంత లావుంటే చుట్ట దానికంటే కొంచెం పెద్దదుండాలి. నేను ఒక సైజు చిన్నది తీసుకున్నాను. నాకు అది సరిపోతుందనిపించింది. ఆ వయసులో నాకు చాలా అనిపించేవి.

వదిలాను. కాయిల్ చక్కగా చుట్టుకుంది, ఒక్క క్షణం అక్కడే నిలబడింది, తర్వాత అడ్డదారిన సిరలోకి జారింది. తెర మీద అది వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. గుండెలోకి, అక్కణ్నించి ఊపిరితిత్తిలోకి. మెట్రో తలుపు మూసుకున్నాక లోపల ఉండిపోయిన గొడుగుని ప్లాట్‌ఫాం మీంచి చూసినట్టు.

ఖురానా సాబ్ అరవలేదు. "ముబారక్ హో," అన్నాడు. "కిడ్నీ వైద్యానికి వచ్చిన మనిషికి ఊపిరితిత్తిలో నగ చేయించావు." తర్వాత నన్ను పక్కకి జరగమని, కిడ్నీలో సరైన సైజు కాయిల్ వేసి రక్తం ఆపి, ఊపిరితిత్తి దాకా వెళ్లి నా నగని ఉచ్చు వేసి లాక్కొచ్చాడు. ఆ గంటలో నేను చేసింది ఊపిరి పీల్చడం, అదీ తక్కువగా.

అయిపోయాక నా చేతిలో ఆ కాయిల్ పెట్టి, "వెళ్లి ఆయనకి చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలి సార్?"

"జరిగింది. ఆయన భాషలో. ఆయనకి అర్థమైందని నీకు అర్థమయ్యేదాకా. చెప్పడం కూడా ప్రొసీజరే బేటా."

చెప్పాను. ఆ రోగి చాందినీ చౌక్‌లో బట్టల వ్యాపారి. అంతా విని, ఆ కాయిల్ చేతిలోకి తీసుకుని, "ఇంత చిన్నదానికి ఇంత దూరం ప్రయాణమా" అన్నాడు. అంతే. ఆ తర్వాత నా సర్వీసులో జరిగిన ప్రతి పొరపాటూ నేనే వెళ్లి చెప్పాను. ఈ విషయంలో నాకు కొంచెం గర్వం కూడా ఏర్పడింది. ముందే చెప్పవలసినవి కొన్ని ఉంటాయని మాత్రం సరిగ్గా నేర్చుకోలేదు.

మా వాళ్లే

సుబేదార్ అప్పలనాయుడుది టెక్కలి దగ్గర పల్లె. సైన్యం నుంచి రిటైరై గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేసేవాడు. రెండు కిడ్నీలూ పాడైపోతే భార్య పైడమ్మ తనవి రెండింట్లో ఒకటి ఇచ్చింది. మా ఆస్పత్రిలోనే ఆపరేషన్ చేసి, ఆయన పొట్టలో కుడివైపు కింద అమర్చారు. ఇచ్చేముందు ఆవిడకి తీసిన స్కాన్ చదివిందీ, కిడ్నీ బాగుంది, తీసుకోవచ్చు అని రాసిందీ నేనే. అప్పట్లో నాకు ఆవిడ ఒక స్కాన్ నంబరు.

రెండేళ్లు ఆ కిడ్నీ గుట్టుగా తన పని తను చేసుకుంది. తర్వాత రక్తపరీక్షలు తేడాగా రావడం మొదలైంది. ఆయన ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదని పసిగట్టి తిరగబడుతోందా? తెలుసుకోవాలంటే బయాప్సీ చెయ్యాలి. పొద్దున పదింటికి నేనే చేశాను. పైపైనే ఉన్న కిడ్నీ, చూస్తూ గుచ్చాను, సేమ్యా పుల్లలు రెండూ చక్కగా వచ్చాయి. ఆయన మంచం మీద అటెన్షన్‌లో పడుకున్నాడు. పడుకుని కూడా అటెన్షన్‌లో ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

వార్డుకి తీసుకెళ్లాక సిస్టర్ లిస్సీ వచ్చింది. ఆవిడది కొట్టాయం వైపు. బయాప్సీ అయిన ప్రతి రోగికీ ఏడు జాగ్రత్తలు, మలయాళం యాసలో హిందీలో, ఒకే రాగంలో అప్పజెప్పేది. ఏళ్ల తరబడి ఒక్క ముక్క మారలేదు. మేం వెనక నవ్వుకునేవాళ్లం.

"సార్, ఇన్‌స్ట్రక్షన్స్ చెప్పేదా?" అంది.

"వద్దులే సిస్టర్, నేను చెప్తాను. మా వాళ్లే," అన్నాను.

ఢిల్లీలో ఏళ్ల తరబడి ఉంటే తెలుగు మాట వినపడినచోట మనిషి కొంచెం కరుగుతాడు. నేనూ కరిగాను. చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాను. "సుబేదార్ సాబ్, కదలకుండా పడుకోండి. నీళ్లు బాగా తాగండి. మూత్రం వచ్చిన ప్రతిసారీ ఒక్కో సీసాలో పట్టి, కిటికీలో వరసగా పెట్టించండి. రెండింటికి వచ్చి చూస్తాను."

"హాజర్ సార్!" అన్నాడు.

ఆ తర్వాత పావుగంటసేపు, ఎండుచేపలు రైల్లో ఢిల్లీ దాకా తేవడంలో ఉన్న సాంకేతిక ఇబ్బందుల గురించి మాట్లాడుకున్నాం. పై బెర్తులవాళ్లకి ఏం చెప్పాలి, ఝాన్సీ దాటాక మూట ఏ కిటికీకి కట్టాలి. పైడమ్మ మధ్యలో అందుకుని, "ఈయన కింద బెర్తులో బబ్బుంటాడు బాబూ, తిట్లన్నీ నాకే" అంది. ముగ్గురం నవ్వాం. బాగానే గడిచింది.

ఆ సీసాల సంగతి తెలియనివాళ్లకి చెబుతాను. బయాప్సీ తర్వాత వచ్చిన మూత్రాన్ని పారబొయ్యకుండా వరసగా వెలుతురులో పెడతాం. మొదటిది ఎర్రగా, రెండోది గులాబీగా, మూడోది మామూలుగా ఉంటే లోపల రక్తం ఆగుతోందన్నమాట. వరస తిరగబడితే పరుగెత్తాలి. లక్షలు పోసిన మెషీన్లున్న ఆస్పత్రిలో, ఈ విషయంలో ఆ కిటికీకి మించింది మా దగ్గర లేదు. సిస్టర్ లిస్సీ ఏడో జాగ్రత్త ఇదే. పారబొయ్యకండి, కడగకండి.

రెండు గంటల తనిఖీ

సరిగ్గా రెండింటికి వెళ్లాను. కిటికీలో మూడు సీసాలున్నాయి. మూడింటికీ ఎడం సమానం, స్కేలు పెట్టి కొలిచినట్టు. చీటీలు మూడూ ముందువైపుకి. ఎండ తగిలి మెరుస్తున్నాయి. ఖాళీగా ఉన్నాయి.

"ఎలా ఉంది సుబేదార్ సాబ్?"

"ఫస్ట్ క్లాస్ సార్! సబ్ ఠీక్ హై!"

సీసాలు ఖాళీగా ఉన్నాయి కనక ఇంకా మూత్రం రాలేదనుకున్నాను. పడుకుని పోయడం చాలామందికి చాతకాదు. "మొహమాటపడకండి, నీళ్లు తాగండి" అన్నాను. పైడమ్మ ఏదో అనబోయింది. ఆయన ఆవిడ వైపు చూశాడు. ఆవిడ ఆగిపోయింది. చార్టులో నాడి పొద్దున్నకంటే పెరిగి ఉంది. నుదుటి మీద చెమట కూడా ఉంది. రెండూ చూశాను. ఆస్పత్రి భయం అనుకున్నాను. ముప్ఫయ్యేళ్ల సర్వీసున్న సుబేదారుకి ఆస్పత్రి భయం అని నాకెలా తోచిందో ఇప్పుడు ఆలోచిస్తే నాకే అర్థం కాదు. అప్పుడు మాత్రం నాకు సందేహమే రాలేదు. వెళ్లి రాజ్మా చావల్ తిన్నాను. బాగుందని కూడా గుర్తు.

మూడున్నరకి నా గది తలుపు తోసుకుని పైడమ్మ వచ్చింది. బయట గార్డు, "అరే దీదీ, రుకియే" అంటూ వెనకే వచ్చాడు. ఆవిడ పట్టించుకోలేదు. చీర కొంగు కింద నించి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. చిక్కటి ఎరుపు. అడుగున గడ్డలు.

"ఇది నాలుగోది బాబూ. మూడూ కడిగీసినాను. ఇది కడగనేదు."

"కడిగారా? ఎందుకమ్మా?"

"మా ఆయన కడగమన్నాడు. పెద్దడాక్టరుగారు రెండింటికి తనికీకి వస్తారు, వరసగా పెట్టమన్నారు, మురికిగా ఉంటే మాటొస్తాది అన్నాడు. పటాలంలో అంతేనంట. మొదటిది ఎర్రగా ఉంది. అదేటి అనడిగితే, పొడిసినారు కదే, ఆమాత్రం రాదా అన్నాడు. రెండోది ఇంకా ఎర్రగా ఉంది. మూడోదాన్లో ముక్కలున్నాయి. కడిగీసినాను. ఇది సూసినాక నాకు సేతులాడనేదు. ఇదీ కడిగెయ్ అన్నాడు. నాను కడగనన్నాను. పెళ్లైన కాడినించీ ఆయన మాట కాదండం ఇదే మొదలు."

మూడు సీసాలూ నాకు చెప్పవలసింది చెప్పాయి, ఆవిడ కడిగింది, నేను వాటి తళతళ చూసి వెళ్లిపోయాను. ఇంత తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఇద్దరం వార్డు వైపు పరుగెత్తాం. ఆవిడే ముందు.

అది నాది

నాడి పరుగు తీస్తోంది, బీపీ జారుతోంది, మూత్రాశయం నిండా గడ్డలు. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే కిడ్నీ కింది కొసలో, నేను పొద్దున్న గుచ్చినచోట, రంగులు సుళ్లు తిరుగుతున్నాయి. ధమని, సిర కలిసిపోయాయి. రక్తం ఎక్కించడం మొదలుపెట్టి సర్జన్‌ని పిలిచాం. కోసి ఆపొచ్చు గానీ అలా కోసినప్పుడు చాలాసార్లు కిడ్నీనే తీసెయ్యాల్సి వస్తుందన్నాడు ఆయన. క్యాథెటర్‌తో ప్రయత్నిస్తాను, గంట టైమివ్వండి అన్నాను.

సుబేదార్ సంతకం పెట్టాడు. ఆ స్థితిలోనూ అక్షరాలు వరసలోనే ఉన్నాయి. "గల్తీ హో గయీ సార్" అన్నాడు. నాతో అన్నాడు, నాతో! తప్పయిపోయిందని అనాల్సింది నేను.

ఈసారి ఎండుచేపల ప్రస్తావన లేకుండా పైడమ్మకి అంతా చెప్పాను. కిడ్నీలోకి పోయే పెద్ద నాళం చెట్టులా చీలుతుందనీ, ఆ కొమ్మల్లో ఒక్క రెమ్మ కారుతోందనీ, ఆ రెమ్మ దాకా వెళ్లి దాన్ని మూస్తే అది నీళ్లుపోసే చిన్న ముక్క ఎండిపోతుంది గానీ మిగతాది బతుకుతుందనీ. పొరపాటున పెద్ద కొమ్మ మూసుకుపోతే కిడ్నీ పోతుందనీ.

"ఎంత ముక్క ఎండిపోద్ది?"

"సరిగ్గా వెళ్లగలిగితే చింతగింజంత."

ఆవిడ నా చేతుల వైపు చూసింది. మొహం వైపు కాదు.

"జాగర్త బాబూ. అది నాది. పోతే మళ్లీ ఇవ్వడానికి నాకాడ ఇంకోటి నేదు."

ఎందరో పెద్దవాళ్లు నాకు ఎన్నో జాగ్రత్తలు చెప్పారు. వాటిల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి గుర్తులేదు.

ఎడమ తొడలోంచి లోపలికి వెళ్లాను. పక్కన మా టెక్నీషియన్ రామ్‌వీర్ ఉన్నాడు, మీరట్ మనిషి, నాతో ఇరవయ్యేళ్లు పనిచేశాడు. అసలు కిడ్నీ ఉండాల్సిన చోట ఇది లేదు. దీని ధమనిని కాలికి పోయే నాళానికి కుట్టారు. ఎడమ కిడ్నీని తెచ్చి కుడిపక్కన, ముందు వెనక మార్చి అమర్చారు. మామూలుగా నా వేళ్లకి తెలిసిన దారులేవీ ఇక్కడ పనికిరావు. పైగా, నాళాలు కనపడటానికి మేం లోపలికి పంపే రంగుమందు కిడ్నీకి మంచిది కాదు. ఉన్నది ఒకటే కిడ్నీ, అదీ దెబ్బతిన్నది. రంగుమందు ఎక్కువసార్లు కొట్టి దారి వెతుక్కునే వీల్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ కిడ్నీ మ్యాపు మా దగ్గరే ఉందని. "రామ్‌వీర్‌జీ, రెండేళ్ల కిందటి డోనర్ స్కాన్ తియ్యండి. పైడమ్మ పేరు మీద ఉంటుంది." రెండో తెర మీద పెట్టాడు. పైడమ్మ కడుపులో ఉన్నప్పటి కిడ్నీ. ధమని లోపలికి పోకముందే రెండుగా చీలింది. కిందికి పోయే కొమ్మ మధ్యలో ఒక చిన్న మెలిక తిరిగింది, చెవి రింగులా. ఆ మెలిక గురించి నా రిపోర్టులో రాయలేదు. రాయదగ్గ విషయం అనిపించలేదు.

మొదటి తెర మీద రంగుమందు ఒక్కసారి కొట్టాను. మూడు సెకన్లు.

ఇది ఎన్ని వేలసార్లు చూశానో తెలియదు. ఇప్పటికీ ఎవరైనా పిలిచి చూపిస్తానంటే వెళ్తాను. ఏమీ లేని బూడిదరంగు తెర మీద ఒక గీత పుడుతుంది. అది రెండవుతుంది, నాలుగవుతుంది, అక్కణ్నించి లెక్కపెట్టలేం. ఢిల్లీ మెట్రో మ్యాపుని కాస్త అభిరుచి ఉన్నవాడు గీసినట్టు. చివరికి గీతలన్నీ కరిగి కిడ్నీ మొత్తం ఒక్క క్షణం మసకగా వెలిగి, ఆరిపోతుంది. ప్రతి మనిషిలోనూ గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఇది జరుగుతూనే ఉంటుంది, చూసేవాడు లేకపోయినా. ఇంత పనితనం చీకట్లో పెట్టి మూసేశారేమిటా అని నాకు ఎప్పుడూ అనిపించేది.

ఆ రోజు ఇంకొకటి చూశాను. ధమని లోపలికి పోకముందే రెండుగా చీలింది. కింది కొమ్మ మధ్యలో చిన్న మెలిక. చెవి రింగు.

నేనూ, రామ్‌వీర్ ఆ తెర వైపూ ఈ తెర వైపూ చూశాం. ముందువెనకలు మారాయి, మనిషి మారాడు, మెలిక అదే. పైడమ్మ పుట్టకముందు ఎప్పుడో వాళ్లమ్మ కడుపులో పడిన మెలిక. టెక్కలి నుంచి బయల్దేరి, ఇప్పుడు ఇంకొకరి పొట్టలో, ఇంకొకరి రక్తంతో, నా ముందు వెలిగింది.

రామ్‌వీర్ మెల్లగా అన్నాడు, "సార్, యే తో భాభీజీ హై."

అవును. ఆవిడే. బయట బెంచీ మీద కూర్చుని ఉన్న మనిషి, లోపల ఈ బల్ల మీద కూడా ఉంది. నాకు కంగారు రావలసిన క్షణం. రాలేదు. ఎవరింటికి వెళ్తున్నానో తెలిసినట్టయింది.

మెలిక తర్వాత మూడో రెమ్మ చివర సిర తొందరపడి ముందే నిండుతోంది. అదే చోటు. పెద్ద గొట్టంలోంచి చిన్న గొట్టం పంపాను, లావు అగ్గిపుల్లలో సగం ఉంటుంది. మెలిక దగ్గర తీగ రెండుసార్లు పక్కకి పోయింది. మూడోసారి స్కాన్లో మెలిక ఏ వైపు తిరిగిందో చూసి, దాన్ని మనసులో తిప్పి, వేళ్ల మధ్య తీగని ఎడమకి కొంచెం, చాలా కొంచెం నలిపాను. వెళ్లింది. రెమ్మ మొదట్లో ఆగాను.

"కాయిల్ ఏ సైజు సార్?" అన్నాడు రామ్‌వీర్.

నేను అనుకున్న సైజు నోటిదాకా వచ్చింది. ఖురానా సాబ్ చనిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది, అయినా ఆయన గొంతు వినపడింది, ముబారక్ హో అని. మళ్లీ కొలిచాను. ఒక సైజు పెద్దది అడిగాను.

వదిలాను. చుట్టుకుంది. ఒక్క క్షణం. నిలబడింది. ఇంకో క్షణం. నిలబడే ఉంది. రెండోది కూడా వేసి, మూడు నిమిషాలు ఆగి, రంగుమందు ఆఖరుసారి కొంచెం కొట్టాను. మెలిక వెలిగింది, కొమ్మలన్నీ వెలిగాయి. కింది కొసలో చింతగింజంత చోటు మాత్రం వెలగలేదు. సిర ముందుగా నిండలేదు. బీపీ నిలబడటం మత్తు డాక్టరు నాకంటే ముందే చూసి, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

కొత్తవాళ్లకి ఇక్కడ ఒక మాట. ఆ క్షణంలో మీకు మీరు గొప్పవాళ్లనిపిస్తుంది. అందులో తప్పులేదు, అయిదు నిమిషాలు ఉంచుకోండి. ఆ తర్వాత, ఆ మెలికని మీరు చెయ్యలేదని గుర్తు తెచ్చుకోండి. మన పనంతా ఎవరో కట్టిన ఇంట్లోకి పాదాలు తుడుచుకుని వెళ్లి రావడమే.

వరస

మర్నాటి నుంచి కిటికీలో మళ్లీ సీసాలు పెట్టారు. ఎరుపు, గులాబీ, టీ రంగు, ఆ తర్వాత మామూలు. ఈసారి సుబేదార్ సాబ్ మంచం మీంచే వాటికి కాపలా కాశాడు. ఊడ్చేవాళ్లనీ, చూడ్డానికొచ్చినవాళ్లనీ, ఒకసారి నన్ను కూడా, "సార్, ముట్టుకోకండి సార్" అని ఆపాడు. సిస్టర్ లిస్సీ నన్నేమీ అనలేదు. ఆ వారం అంతా ప్రతి రోగి దగ్గరా ఏడో జాగ్రత్త మాత్రం, నేను ఎక్కడున్నా వినపడేలా, కొంచెం గట్టిగా చెప్పింది. నేను మళ్లీ ఎప్పుడూ ఆ రాగానికి నవ్వలేదు. రిటైరయ్యేదాకా, తెలుగువాళ్లయితే రెండుసార్లు చెప్పించాను.

బయాప్సీ రిపోర్టు వచ్చింది. ఒళ్లు కిడ్నీ మీద తిరగబడటం మొదలైందట, కానీ తొలిదశే. మందులు మార్చారు. రక్తపరీక్షలు మెల్లగా దారికొచ్చాయి. సూది గుచ్చినందుకు ఫలితం దక్కిందన్నమాట.

డిశ్చార్జి రోజున ఇద్దరినీ నా గదికి పిలిచాను. ఖురానా సాబ్ నేర్పినట్టు జరిగిందంతా చెప్పాను. నాడి పెరగడం చూసి కూడా వదిలేశాననీ, అది నా తప్పేననీ చెప్పాను. సుబేదార్ సాబ్ ఇబ్బందిగా కదిలి, "జానే దీజియే సార్, పోనివ్వండి" అన్నాడు. అప్పుడు రెండు తెరలూ వెలిగించాను. నిజం చెప్పాలంటే పిలిచింది ఇందుకే. ఎడమ తెర మీద పైడమ్మ లోపల ఉన్నప్పటి కిడ్నీ, కుడి తెర మీద ఆయన లోపల ఉన్న కిడ్నీ. మెలిక చూపించాను. రెమ్మ చూపించాను. చింతగింజ చూపించాను. నేను ఎక్కణ్నించి ఎక్కడికి వెళ్లానో వేలితో గీసి మరీ చూపించాను. కొంచెం ఎక్కువసేపే చూపించాను.

సుబేదార్ సాబ్ లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. కళ్లలో నీళ్లున్నాయి.

పైడమ్మ తెరకి దగ్గరగా జరిగి ఆ మెలికని చాలాసేపు చూసింది. వేలితో ముట్టుకోబోయి, గాజు మీద మరకపడుతుందనుకుందేమో, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మొదటి సీసాయే అట్టుకొచ్చుందును బాబూ," అంది. "కడగొద్దని మీరు సెప్పనేదు."